ఎన్1 ఫారం ఇస్తే 65 సెంట్ల దగ్గర ఆగిపోయింది (ఒంటారియో, కెనడా)

మిల్టన్ ఓనరు:
అందరికీ నమస్కారం. మిల్టన్‌లో మాకో టౌన్‌హౌస్ ఉంది, 2012లో కట్టింది. 2025 ఫిబ్రవరి 1 నుంచి ఒక తెలుగు ఫ్యామిలీకి నెలకి 2,350 డాలర్లకి ఇచ్చాం. ఏడాది అవుతోంది కదా అని దసరా టైమ్‌లో వాట్సాప్‌లో "ఫిబ్రవరి నుంచి 2,400 చేద్దామండీ" అని పెట్టాను. ఆయన "అలాగేనండీ, కాకపోతే ఫారం ఇవ్వండి" అన్నారు. సరే, అద్దె పెంచుతున్నామని ఇచ్చే నోటీసు ఫారం ఎన్1 దించుకుని, నింపి, సంతకం పెట్టి అక్టోబరు 30న చేతికిచ్చాను. నిన్న, అంటే నవంబరు 9న, ఫోన్ చేసి "ఇందులో 65 సెంట్లు ఎక్కువ వేశారండీ, ఇది కుదరదు" అన్నారు. టీ కూడా రాదు ఆ డబ్బుతో! మల్కాజ్‌గిరిలో మా నాన్నగారు పదకొండు నెలలకోసారి కొత్త అగ్రిమెంటు రాయించి, నోటితోనే ఎంత పెంచాలో చెప్పేసేవారు. ఇక్కడ నిజంగానే ఇంత పట్టింపు ఉందా, లేక ఆయనే సాగదీస్తున్నారా?

బ్రాంప్టన్ బాబాయ్:
ఆయన సాగదీయడం లేదు బాబూ, లెక్క కరెక్టే. 2026కి గైడ్‌లైన్, అంటే ఆ ఏడాది అద్దె పెంచడానికి ప్రభుత్వం పెట్టిన హద్దు, 2.1 శాతం. 2,350 మీద 2.1 శాతం అంటే 49 డాలర్ల 35 సెంట్లు. కొత్త అద్దె 2,399.35 దాటకూడదు. మీరు గుండుగుత్తగా 2,400 అన్నారు. మనకి రౌండ్ చేయడం అలవాటు, ఫారానికి ఆ అలవాటు లేదు. పైకి ఒక్క సెంటు పోకూడదు, కావాలంటే కిందకి దించుకోవచ్చు. ఆ ఫారంలో మీ చేత్తోనే "గైడ్‌లైన్ లోపే పెంచుతున్నా" అన్న గడి నింపి, పక్కన శాతం కూడా రాసి ఉంటారు చూడండి. 2.13 వస్తుంది. మన తప్పు మన సంతకం కిందే ఉంటుందన్నమాట.

మొత్తం నోటీసు పోతుందా, 65 సెంట్లే పోతాయా అని బోర్డు (ఓనర్లకీ అద్దెకున్నవాళ్లకీ తగాదాలు తీర్చేది) దాకా వెళ్లి వాదించడం నా ఉద్దేశంలో తెలివితక్కువ పని. కొత్తది ఇచ్చేయండి.

వాట్సాప్ మెసేజ్‌కి విలువ లేదు, అది మర్చిపోండి. బోర్డు వాళ్లు పెట్టిన ఫారంలో, కనీసం 90 రోజుల ముందు ఇస్తేనే నోటీసు.

స్కార్‌బరో సుబ్బు:
నేను ఇంకో రకంగా బోల్తాపడ్డా. మొన్న అక్టోబరులో ఫారం ఇచ్చా కాబట్టి 2025 రేటు 2.5 వేసుకోవచ్చనుకున్నా. కాదట. ఫారం ఎప్పుడిచ్చామన్నది కాదు, పెంపు ఎప్పటి నుంచి మొదలవుతుందో ఆ ఏడాది రేటు. నాది జనవరి 2026 నుంచి, కాబట్టి 2.1. మూడేళ్లు వరసగా (2023, 24, 25) 2.5 ఉండేసరికి ఆ అంకె మెదడులో పాతుకుపోయింది. అద్దెకున్నావిడే మర్యాదగా చెప్పింది, సిగ్గేసింది.

ఎట్టోబికో అక్క (అద్దెకున్నదాన్ని):
ఓనర్లే మాట్లాడుతున్నారు, మా వైపు నుంచి కూడా ఒకటి. మా ఓనరుగారు 2024లో మెసేజ్ పెట్టి వంద డాలర్లు పెంచారు. మాకేం తెలియదు, కట్టేశాం. ఏడో నెలలో ఆఫీసులో ఒకాయన చెబితే తెలిసింది, ఫారం లేకుండా పెంచితే ఆ పెంపు చెల్లదని. గొడవ పెట్టుకోలేదు, వెళ్లి కూర్చుని మాట్లాడాం. మేం ఎక్కువ కట్టిన 700 ఆయన తర్వాతి అద్దెల్లో సర్దేశారు.

కానీ అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది. 2020లో చట్టం మార్చారు. ఫారం లేని పెంపునైనా మనం అడ్డుచెప్పకుండా వరసగా 12 నెలలు కట్టేస్తే, ఇక అది చెల్లిన పెంపే అవుతుంది. ఆ లోపే బోర్డుకి టీ1 దరఖాస్తు (ఎక్కువ కట్టింది వెనక్కి ఇప్పించమని) పెట్టుకోవాలి. మొహమాటానికి ఊరుకుంటే మొహమాటం ఖరీదు అంతన్నమాట. మిల్టన్ ఓనరుగారూ, మీ అద్దెకున్నాయన ముందే చెప్పారంటే మంచివారే అనుకోండి. ఆయన నోరు మూసుకుని ఆర్నెల్లు ఆగి అడిగినా అడగొచ్చు.

మిల్టన్ ఓనరు:
అక్కా, ఆ మాట నిజమే. కోపం తగ్గింది. మరి ఫారం ఎలా ఇవ్వాలి? ఈసారి తలుపుకి టేపుతో అంటించేద్దామా, ఫొటో తీసుకుని?

బ్రాంప్టన్ బాబాయ్:
అయ్యో, తలుపుకి అంటించకండి. ఇంట్లోకి చూడ్డానికి వస్తామని చెప్పే నోటీసుకి తప్ప అది పనికిరాదు. తలుపు కిందనుంచి తోయొచ్చు, ఉత్తరాల డబ్బాలో వేయొచ్చు, చేతికివ్వచ్చు. పోస్టులో పంపితే అయిదు రోజులు అదనంగా లెక్కేసుకోవాలి. ఈమెయిల్ అయితే ఆయన ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. ఫారం బోర్డుకి పంపక్కర్లేదు, ఓ కాపీ మీ దగ్గర పెట్టుకుంటే చాలు. లీజులో ఎంతమంది పేర్లుంటే అందరి పేర్లూ రాయండి, భర్త పేరొక్కటే రాసి ఇరుక్కున్నవాళ్లని చూశాను.

ఇక తేదీ. ఫిబ్రవరి 1కి 90 రోజులు వెనక్కి లెక్కపెడితే నవంబరు 3. అది దాటిపోయింది. మార్చి 1 అని రాయండి, డిసెంబరు 1 లోపు చేతికివ్వండి. నేనైతే ఆఖరి రోజు దాకా ఆగను, ఈ వారమే ఇచ్చేస్తా.

కాండో కుర్రాడు:
మా కాండో అపార్ట్‌మెంట్లో 2021లో మొదటిసారి జనం దిగారు. 2018 నవంబరు 15 తర్వాత మొదటిసారి నివాసానికి వాడిన ఇళ్లకి గైడ్‌లైన్ వర్తించదు, ఎంతైనా పెంచొచ్చు. ఫారం వేరు, ఎన్2. అయినా 90 రోజుల నోటీసు, 12 నెలలకొకసారే పెంచాలన్న రూల్ తప్పవు. నేను ఎగిరి 200 పెంచా. ఆయన నవ్వి, అరవై రోజుల నోటీసిచ్చి వెళ్లిపోయాడు. రెండు నెలలు ఖాళీగా ఉండి, చివరికి పాత అద్దెకే వేరేవాళ్లకిచ్చా. చట్టం ఒప్పుకుంది, మార్కెట్ ఒప్పుకోలేదు.

కాల్గరీ కామేశం:
మా ఆల్బర్టాలో ఎంత పెంచాలన్న హద్దే లేదు, ఏడాదికొకసారే అన్న రూల్ మాత్రం ఉంది. ఇది చదువుతుంటే పాపం అనిపిస్తోంది, మీరో, మీ అద్దెకున్నవాళ్లో తెలియదు గానీ.

స్కార్‌బరో సుబ్బు:
బాబాయ్ గారూ, పార్కింగ్ విడిగా 50 పెంచేస్తే?

బ్రాంప్టన్ బాబాయ్:
కుదరదు సుబ్బూ. ఇప్పటికే అద్దెలో ఇస్తున్న పార్కింగ్ కూడా అద్దె కిందే లెక్క. అటు తిరిగి ఇటు వచ్చినా 2.1 దగ్గరికే వస్తాం.

మిల్టన్ గారికి ఇంకో చిన్న లెక్క: ఆఖరి నెల అద్దె ముందే తీసుకుని ఉంటే, అద్దె పెరిగినప్పుడు ఆ తేడా అడగొచ్చు. దాని మీద మీరు ఏటా వడ్డీ కూడా ఇవ్వాలి, అదీ గైడ్‌లైన్ రేటే. మీకైతే వడ్డీ 49.35, తేడా 49.35. ఒకరికొకరు ఇచ్చుకోవక్కర్లేదు, సరికి సరి.

మిల్టన్ ఓనరు:
నిన్న సాయంత్రం కొత్త ఫారం తీసుకెళ్లి ఇచ్చా. మార్చి 1 నుంచి, 2,399.35, భార్యాభర్తలిద్దరి పేర్లూ రాసి. ఆయన ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి రెండుసార్లు చూసుకున్నారు, నాక్కూడా చూపించారు. ఫిబ్రవరి నెల పెంపు పోయినట్టే. ఆవిడ పెసరట్టు పెట్టారు.