సర్వర్‌లో కాయిన్లు చేతిలో నిలవట్లేదు, ఒక్క బోర్డు వల్ల 11,000 పోయాయి

గాజుబట్టీ:

ఆట మైన్‌క్రాఫ్ట్ జావా. మాది కాయిన్లతో కొనడం, అమ్మడం ఉన్న సర్వైవల్ సర్వర్, అంటే అందరం ఒకే లోకంలో తవ్వుకుని, కట్టుకుని బతుకుతాం. చేరి నెలన్నర అయింది. కొత్తగా వచ్చినవాళ్లకి 500 కాయిన్లు ఇస్తారు, ఆ తర్వాత ఎవరి తిప్పలు వాళ్లవి. స్పాన్ (కొత్తవాళ్లు మొదట దిగే చోటు) దగ్గర సర్వర్ వాళ్ల షాపు ఒకటి ఉంది, ఏం పట్టుకెళ్లినా కొంటుంది. దాని పక్కనే ప్లేయర్ల షాపులు.

మొదటి మూడు వారాలు వై మైనస్ 59లో, అంటే లోకం అట్టడుగు దగ్గర, సొరంగాలు తవ్వడమే నా పని. వచ్చిన రాయంతా సర్వర్ షాపుకి, డైమండ్స్ ప్లేయర్లకి. అలా 31,000 దాకా పోగేశాను. అందులో 18,000 పెట్టి వేలంలో ఒక మెండింగ్ పుస్తకం (అరిగిన పనిముట్టు మళ్లీ బాగుపడేలా చేసే మంత్రం) కొన్నాను. ఇంకో 1,600 సిల్క్ టచ్ పుస్తకానికి (బ్లాకుని ఉన్నదున్నట్టు తీసే మంత్రం) పోయింది. చేతిలో 11,400 మిగిలాయి.

ఇక తవ్వింది చాలు, షాపు పెట్టి కూర్చుని తిందాం అనుకున్నా. గ్లాస్ షాపు. చెస్ట్‌లో 10 స్టాక్‌ల (స్టాక్ అంటే 64) గ్లాస్ వేసి, బోర్డు మీద స్టాక్‌కి 250 అని రాశాను. ధర ముందు బి గానీ ఎస్ గానీ పెట్టాలి. నేను అమ్ముతున్నాను కదా, సెల్ అంటే ఎస్ అని ‘ఎస్ 250’ అని పెట్టి పడుకున్నా.

పొద్దున చూస్తే చెస్ట్‌లో గ్లాస్ తగ్గకపోగా పెరిగింది. 54 స్లాట్లూ నిండిపోయి ఉన్నాయి. బ్యాలెన్స్ 400. ఎవరో ఒక్కడే వచ్చి 44 స్టాక్‌లు నాకు అమ్మేసి 11,000 పట్టుకుపోయాడు. అతన్ని అనడానికి కూడా లేదు, నేను రాసిందే అది.

సరే, ఆ ముచ్చట అయిపోయింది. ఇప్పుడు మళ్లీ 400 నుంచి మొదలు. రాయి ధర కూడా పోయిన వారం సగానికి తగ్గించారు. మళ్లీ తవ్వకాలకే పోవాలా, వేరే దారి ఉందా? వచ్చిన కాయిన్లతో ఏది కొనాలి, ఏది కొనకూడదు?

పాతపార:

బ్రో, నవ్వినందుకు ఏమనుకోకు. ఆ బోర్డు మీద అక్షరాలు షాపుకి వచ్చినవాడి వైపు నుంచి చదవాలి. బి అంటే అతను కొనే ధర, ఎస్ అంటే అతను అమ్మే ధర. నువ్వు ‘గ్లాస్ తెచ్చి ఇవ్వండి, స్టాక్‌కి 250 ఇస్తా’ అని రాత్రంతా దండోరా వేయించావన్నమాట. నేనూ తక్కువ తినలేదులే. రెండో లైన్‌లో 64 అని రాసి, ధర దగ్గర ఒక్కదాని రేటు 6 పెట్టాను. స్టాక్ స్టాక్ 6 కాయిన్లకే ఊడ్చుకుపోయారు. అది తెలిసేసరికి రెండు రోజులు.

నాకు అసలు బాధేసింది నీ గ్లాస్ గురించి కాదు, మెండింగ్‌కి 18,000 పెట్టావు చూడు, దానికి. లైబ్రేరియన్ అనే విలేజర్ (ఆటే నడిపే ఊరి మనిషి, బేరాలు చేస్తాడు) దగ్గర అది 10 నుంచి 38 ఎమరాల్డ్స్ (విలేజర్ల బేరాల్లో నడిచే పచ్చరాళ్లు), పైన ఒక మామూలు పుస్తకం. అంతే. పని లేని విలేజర్ పక్కన లెక్టర్న్ (పుస్తకం పెట్టే పీట) పెట్టు, వాడు లైబ్రేరియన్ అవుతాడు. ఏం అమ్ముతున్నాడో చూడు. మెండింగ్ కాకపోతే లెక్టర్న్ పగలగొట్టి మళ్లీ పెట్టు. వాడితో ఒక్క బేరం కూడా చేయకముందే ఇదంతా జరగాలి, ఒకసారి చేశావా సరుకు ఖాయమైపోతుంది. విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కసారి దొరికితే ఆ మనిషి నీ సొంతం.

ఎమరాల్డ్స్ ఎక్కడివి అంటావా? ఫ్లెచర్ (బాణాలు చేసే విలేజర్) 32 స్టిక్స్‌కి ఒక ఎమరాల్డ్ ఇస్తాడు. ఒక దుంగ నాలుగు పలకలు, నాలుగు పలకలు ఎనిమిది స్టిక్స్. అంటే ఒక స్టాక్ దుంగలు తెస్తే 512 స్టిక్స్. 512ని 32తో భాగిస్తే 16. ఫ్లెచర్ కూడా ఆ బేరం సరిగ్గా 16 సార్లే చేసి తలుపు మూస్తాడు! ఎవరు పెట్టారో గానీ ఆ లెక్క నాకు భలే ఇష్టం. గేమ్‌లో రోజుకి రెండుసార్లు వాడు మళ్లీ తెరుస్తాడు, గేమ్ రోజంటే మనకి 20 నిమిషాలే. అయితే ఒకడి మీదే పడితే రేటు పెంచేస్తాడు, ఒక్క ఎమరాల్డ్‌కి ఇంకా ఎక్కువ స్టిక్స్ అడుగుతాడు. అందుకని ముగ్గురు నలుగురిని పెట్టుకో. జాంబీగా మారిన విలేజర్‌ని నయం చేసి ధర తగ్గించుకునే పద్ధతి కూడా ఉంది. మళ్లీ మళ్లీ చేసి ఒక్క ఎమరాల్డ్‌కి దించే రోజులు మాత్రం గేమ్ 1.20.2 వెర్షన్‌తో పోయాయి, ఇప్పుడు తగ్గింపు ఒక్కసారే.

ఇక సంపాదన. డైమండ్స్ పట్టుకుని వేలాడకు. మెండింగ్ ఉన్న పికాక్స్ వాడుతూ ఉంటే మళ్లీ కొనక్కర్లేదు. సర్వర్‌లో నీలాంటివాళ్లు మెండింగ్ కొన్న కొద్దీ డైమండ్స్ అడిగేవాళ్లు తగ్గిపోతారు. రాకెట్లు అలా కాదు. ఎలిట్రా (ఎగరడానికి తొడుక్కునే రెక్కలు) ఉన్న ప్రతివాడూ ఎగిరిన ప్రతిసారీ తగలేసుకుంటాడు, రేపు మళ్లీ కావాలి. ఒక పేపరు, ఒక గన్‌పౌడర్ కలిస్తే మూడు రాకెట్లు. 64, 64 వేస్తే 192, అంటే మూడు స్టాక్‌లు. చెరకు పండించి సర్వర్ షాపులో చిల్లరకి పారేసేవాళ్లని రోజూ చూస్తుంటాను. అదే చెరకుని పేపరు చేసి, క్రీపర్ (చస్తే గన్‌పౌడర్ రాల్చే జీవి) ఫారం గన్‌పౌడర్ కలిపితే పదింతలు వస్తుంది మా సర్వర్‌లో. మీ దగ్గర ఎంతో నువ్వే చూసుకో.

నీలిమేడ:

నేను షాపులు పెట్టను, కట్టడాలు కడతాను, అంటే మీ అందరి దగ్గరా కొనేదాన్ని. పాతపార అన్న చెప్పింది నిజమే కానీ ఒకటి వదిలేశారు. మేం సరుకు కోసం కాదు, విసుగు తప్పించుకోవడానికి కాయిన్లు ఇస్తాం.

కాంక్రీట్ చూడండి. నాలుగు ఇసుక, నాలుగు గ్రావెల్, ఒక రంగు కలిపితే ఎనిమిది పౌడర్. అందాకా హాయిగానే ఉంటుంది. తర్వాత ఆ పౌడర్‌ని నీళ్లు తగిలేలా ఒక్కొక్కటీ పెట్టి, గట్టిపడ్డాక మళ్లీ ఒక్కొక్కటీ తవ్వుకోవాలి. ఒక గోడకి 2,000 కావాలంటే ఆ ‘టక్ టక్’ వింటూ ఓ సాయంత్రం గడిచిపోతుంది. అందుకే పౌడర్ ధరకి రెండింతలు పెట్టి గట్టి కాంక్రీట్ కొంటాను. పౌడర్ అమ్మే షాపులు మా బజారులో ఐదున్నాయి, గట్టిది అమ్మేవాడు ఒక్కడే. అతని చెస్ట్ ఎప్పుడూ ఖాళీయే.

గాజుబట్టీ గారూ, మీ 54 స్టాక్‌లు అలాగే అమ్మకండి. ఎనిమిది గ్లాసుల మధ్యలో ఒక రంగు వేస్తే ఎనిమిది రంగు గ్లాసులు వస్తాయి. తెలుపు, బూడిద, లేత నీలం త్వరగా పోతాయి. గోధుమ రంగు మాత్రం చేయకండి, నేను ఇంతవరకు ఒక్కటి కొన్న పాపాన పోలేదు.

పైసలపెట్టె:

వేరే సర్వర్‌కి అడ్మిన్‌ని, అవతలి పక్క సంగతి చెప్తాను. గేమ్‌లో అసలు కాయిన్ అనేదే లేదు, మేం ప్లగిన్ (సర్వర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) పెట్టి పుట్టిస్తాం. ప్లేయర్ ఇంకో ప్లేయర్‌కి అమ్మితే ఉన్న కాయిన్లే చేతులు మారతాయి. సర్వర్ షాపుకి అమ్మితే మాత్రం గాల్లోంచి కొత్త కాయిన్లు పుడతాయి. మా దగ్గర ఒకతను ఆటోమేటిక్ చెరకు ఫారం కట్టి, రాత్రంతా లాగిన్‌లో ఉంచి, పొద్దున లేచి షాపులో కుమ్మరించేవాడు. రెండు వారాలు తిరిగేసరికి ఎలిట్రా 20,000 నుంచి 90,000కి పోయింది. కొత్తగా చేరినవాళ్లు ధరలు చూసి వెళ్లిపోయారు. చెరకు ధర పదో వంతుకి దించితే అందరూ నన్ను తిట్టారు. మీ అడ్మిన్ రాయి ధర తగ్గించింది కూడా ఇందుకే అయి ఉంటుంది. వేలం మీద ఫీజు వేసేదీ, చేరిన కాయిన్లలో కొన్ని మాయం చేయడానికే.

కాబట్టి సర్వర్ షాపు రేటు నమ్ముకుని పెద్ద ఫారం కట్టొద్దు, అది ఏ రోజైనా మారుతుంది. నాకు తెలిసిన తెలివైనవాళ్లు కాయిన్లు దాచరు. రాకెట్లతో నింపిన షుల్కర్ బాక్సులు (సరుకుతో సహా మోసుకెళ్లే పెట్టెలు) దాస్తారు.

ఇంకోటి, ఎవరైనా అసలు డబ్బుకి కాయిన్లు అమ్ముతామంటే ఆ వైపు వెళ్లొద్దు. డబ్బు కట్టినవాడికి ఆటలో పైచేయి ఇవ్వకూడదని మైన్‌క్రాఫ్ట్ వాళ్ల సర్వర్ నియమాల్లోనే ఉంది.

గాజుబట్టీ:

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా. లెక్టర్న్ ఎన్నిసార్లు పగలగొట్టానో లెక్క తప్పింది, చివరికి 14 ఎమరాల్డ్స్‌కి మెండింగ్ ఇచ్చేవాడు దొరికాడు. 14! వేలంలో పెట్టిన 18,000 గుర్తొచ్చి ఓ పూట గేమ్ కట్టేశా.

క్రీపర్ ఫారం ఇంకా సగంలోనే ఉంది. లేత నీలం గ్లాస్ మాత్రం 12 స్టాక్‌లు చేసి, ఈసారి ‘బి 300’ అని రాసి, పక్కనున్న ఫ్రెండ్‌తో ఒక కొనుగోలు చేయించి చూసుకున్నాకే పడుకున్నా. పొద్దున చూస్తే ఎనిమిది పోయాయి. మొదటి గిరాకీ ఎవరో తెలుసా, ఆ రోజు 44 స్టాక్‌లు నాకు అంటగట్టిన మనిషే. మూడు స్టాక్‌లు కొని, ఇంకా ఉన్నాయా అని మెసేజ్ పెట్టాడు.