గ్రూపులో ఒక్కరే రాస్తున్నారు, మిగతావాళ్లు చూస్తున్నారు. ఏం చేయాలి?

దేవరకొండ సైన్స్ సార్:
ఎనిమిదో తరగతి, 38 మంది. ట్రైనింగ్‌లో గ్రూప్ వర్క్ చేయించమన్నారని ఆరేడుగురు చొప్పున కూర్చోబెట్టిన. బాగా చదివే అమ్మాయి ఒక్కతే చార్టు మొత్తం రాసేసింది, ఇద్దరు స్కెచ్ పెన్ను మూతలు తిప్పుకుంటూ ఆడుకున్నారు, తండా నుంచి వచ్చే పిల్లాడైతే పీరియడ్ అంతా ఆ అమ్మాయి గీత గీసుకోవడానికి స్కేలు కదలకుండా పట్టుకున్నాడు, అంతే. ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టుకున్న ఐదు మార్కులు అందరికీ ఒకేలా వేయాలంటే చెయ్యి రావట్లేదు. పైగా పక్క క్లాసు సారు ఏంటీ గోలని తొంగిచూసి పోయారు.

మునుగోడు టీచర్:
ఏమనుకోకండి సార్, అది పక్కపక్కన కూర్చోబెట్టడమే. ఒక్కరితో అయిపోయే పనిస్తే ఒక్కరే చేస్తారు. జిగ్సా చేసి చూడండి, 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో తెల్ల, నల్ల పిల్లల్ని ఒకే బడిలో కలిపినప్పుడు క్లాసుల్లో గొడవలవుతుంటే ఎలియట్ అరాన్సన్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టిన పద్ధతి. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇవ్వాలి, ఎవరి ముక్క వాళ్ల దగ్గరే ఉంటుంది. నేను ఫ్లోరైడ్ మీద చేశా: బోరు నీళ్లలోకి రాళ్ల నుంచి ఎలా వస్తుంది, పళ్లకు ఎముకలకు ఏమవుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏంటి, నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్ ఏంటి. ఒకే ముక్క వచ్చినవాళ్లు ముందు ఒకచోట కూర్చొని నేర్చుకుంటారు, తర్వాత సొంత గ్రూపుకెళ్లి చెప్తారు. ఎప్పుడూ నోరు విప్పని ఒకడికి ఆ టెక్నిక్‌లో వాడే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ ముక్క వచ్చింది. "మా నాయనమ్మ బిందెల పటిక తిప్పుతది, నాకెర్కే" అని మొదలుపెట్టాడు, ఇక ఆపలేకపోయాం!

మహబూబ్‌నగర్ లెక్కల మేడమ్:
లెక్కల్లో జిగ్సా నాకు కుదరలేదు. నలుగురికి ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లిస్తా, కలిసి లెక్క చేశాక "మూడో నంబరు లేవండి" అంటా. ఎవర్ని లేపుతానో తెలియదు కాబట్టి వచ్చినవాళ్లే రానివాళ్లకు దగ్గరుండి నేర్పుతారు. మార్కులు మాత్రం గ్రూపుకు వేయకండి. స్లిప్ టెస్ట్ ఎవరిది వాళ్లు రాయాలి, పోయినసారి కంటే ఎంత పెరిగిందో ఆ పాయింట్లు గ్రూపుకు కలపాలి. రాబర్ట్ స్లావిన్ అనే అమెరికా సైకాలజిస్టు పద్ధతి ఇది. ఆరు నుంచి తొమ్మిదికి వచ్చినవాడు అప్పుడు గ్రూపుకు బరువు కాదు.

అచ్చంపేట నుంచి:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ పత్తి ఏరే రోజుల్లో సగం మంది రారు. ముక్క ఉన్న పిల్ల చేనుకు పోతే పాఠంలో ఆ భాగం ఎవరు చెప్పాలె?

మునుగోడు టీచర్:
నిజమే, నాకూ ఒకసారి అట్లనే అయింది. ఆ సీజన్లో ఒక్కో ముక్క ఇద్దరికిస్తా.

దేవరకొండ సైన్స్ సార్:
ఈసారి నలుగురి గ్రూపులే. 38లో మిగిలే ఇద్దర్ని బడికి సరిగా రానివాళ్లకు జత వేస్తా. స్కేలు పిల్లాడికి పటిక ముక్క.