ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) పాలసీ పేపరు ఎట్టా చదివారు? నెల్లూరు, ప్రకాశం వాళ్ళు చెప్పండి

పెన్నా_గట్టు:
నెల్లూరులో ఎమ్మెస్‌డబ్ల్యూ చేస్తుండా. సోషల్ వెల్ఫేర్ పాలసీ, సర్వీసెస్ పేపరు కొరుకుడు పడట్లా. నోట్సులో సగం టిట్మస్ అనే బ్రిటిష్ పండితుడు చెప్పిన మూడు సంక్షేమ నమూనాలు, మిగతా సగం పథకాల పట్టిక. ఆ పట్టికలో ఇంకా వైఎస్సార్ పెన్షన్ కానుకే ఉంది, బయటేమో 2024 నుంచి ఎన్టీఆర్ భరోసా. ఈ సగానికీ ఆ సగానికీ సంబంధం ఏందో ఎవరూ చెప్పలా. ఫీల్డ్‌వర్క్ గ్రామ సచివాలయంలో వేశారు. అక్కడ కూర్చుని ఏం చూడాలి? మీరంతా ఎట్టా గట్టెక్కారు?

టంగుటూరు_పొగాకు:
పట్టిక పక్కన పడెయ్ తమ్ముడూ. ఆగిపోయిన దరఖాస్తు ఒక్కటి పట్టుకో, అది ఏ బల్ల మీద ఆగిందో, ఏ రూలు కింద ఆగిందో చూడు.

మా వైపు అద్దె గదిలో ఉండే ఒక పెద్దామె సంగతి చెప్తా. రేకుల కప్పు, ఒక ఫ్యాను, ఒక బల్బు. ఆమె పింఛను ఆగింది కరెంటు యూనిట్ల మీద. నెలకి సగటున 300 దాటితే అనర్హులని ఆరంచెల పరిశీలనలో (అర్హత తేల్చే ఆరు తనిఖీల్లో) ఉంది. ఇంటి ఓనరు మీటరు ఒకటి ఈమె ఆధార్‌కి ఎక్కి ఉంది. ఆయన ఇంట్లో ఏసీ తిరిగితే ఈమెకి డబ్బు ఆగింది. ఆ మీటరు ఈమెది కాదని కరెంటు ఆఫీసులో కాగితం రాయించుకుని సచివాలయంలో ఇచ్చేసరికి ఆమె చెప్పులు అరిగాయి.

ఇప్పుడు టిట్మస్ దగ్గరికి రా. ఇంట్లోవాళ్ళూ, మార్కెట్టూ రెండూ చెయ్యిచ్చాకే సర్కారు ఆదుకోవాలనేది ఆయన చెప్పిన రెసిడ్యువల్ నమూనా. అట్టయితే ఎవరికి నిజంగా దిక్కు లేదో తేల్చాలి కదా. అందుకే మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, కారు, ఇన్‌కం ట్యాక్సు, ఈ కరెంటు మీటరు. ఇదంతా జల్లెడ. అర్హులు జారిపోతే ఎక్స్‌క్లూజన్ ఎర్రర్, అనర్హులు దూరితే ఇన్‌క్లూజన్ ఎర్రర్. రెండోదాన్ని అరికట్టాలని రూలు బిగించేకొద్దీ మొదటిది పెరుగుద్ది. పెద్దామె కథ రాసి కింద ఈ నాలుగు మాటలు రాస్తే మార్కులు వాటంతటవే పడతాయి.

పెన్నా_గట్టు:
తమ్ముణ్ణి కాదన్నా, చెల్లిని. మీటరు సంగతి మాత్రం ఇప్పుడే వింటుండా.

ఉదయగిరి_కొండ:
ఈ పేపరు చాలాకాలం చెప్పినవాణ్ణి. పిల్లలు పాలసీ అంటే ఢిల్లీలోనో అమరావతిలోనో పుడుతుందనుకుంటారు. మీ జిల్లాలోనే పుట్టిన పాలసీ ఉంది కదమ్మా, సారా నిషేధం, అది రాయండి.

కలిగిరి మండలం దూబగుంట. అక్షరదీపం అనే వయోజన విద్యా కార్యక్రమం కింద రాత్రి బడులు నడుస్తున్నాయి. ఊళ్ళో ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన పాఠం ఒకటి వాచకంలో ఉంది. చదివినవాళ్ళు మనమెందుకు చెయ్యకూడదన్నారు. రోశమ్మ ముందు నడిచింది. 1992లో అది జిల్లా అంతా పాకింది, సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం పెట్టారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం సడలించింది.

ఇందులో మీ సిలబస్ మొత్తం ఉంది. సమస్యను ఎజెండాలోకి తెచ్చింది ఎవరు, చట్టం చేసింది ఎవరు, అమలులో ఎక్కడ బెసికింది, వెనక్కి ఎందుకు తీసుకున్నారు. చివరి ప్రశ్నే నాకు ఇష్టం. ఎక్సైజు రాబడి పోయింది, సంక్షేమం ఖర్చు మాత్రం ఉండిపోయింది. 1983లో రెండు రూపాయలకు మొదలైన కిలో బియ్యం 1996లో మూడున్నర అయింది. తాగినవాడి డబ్బుతో వాడి పెళ్ళాం బియ్యానికి సబ్సిడీ ఇవ్వడం అనే చిక్కుముడి అప్పటిదే, ఇప్పటికీ ఎవరూ విప్పలేదు.

ఆ ఉద్యమంలో తిరిగిన ఆడవాళ్ళే రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు, పొదుపులక్ష్మి అని. ఇవాళ్టి డ్వాక్రా సంఘాల గురించి రాసేటప్పుడు అది వదిలేస్తే నేనైతే మార్కులు కోసేవాణ్ణి.

సంగం_ఆనకట్ట:
మాస్టారూ, నమస్కారం. నాది యానాది కాలనీలో ఫీల్డ్‌వర్క్. ఎస్టీలకి వృద్ధాప్య పింఛను 50కే, మిగతావాళ్ళకి 60. చెప్పుకోవడానికి బాగుంది. కాలనీలో ఆధార్లు తీసి చూస్తే చాలామందికి పుట్టినరోజు జనవరి 1. ఎవరికీ తారీఖు తెలీదు, నమోదు చేసినతను మొహం చూసి సంవత్సరం వేశాడు. మనవలున్న ఆమెకి కార్డు మీద 43. సవరించాలంటే పుట్టిన సర్టిఫికెట్టో, బడి రికార్డో తెమ్మంటారు. చెరువుల మీద, బాతుల వెనక బతికినవాళ్ళకి అవి యాడ ఉంటాయి? యానాదుల కోసం నెల్లూరులోనే ప్రత్యేకంగా ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది, ముందు అక్కడ ఏం చేస్తారో అడిగి తెలుసుకో చెల్లీ.

కనిగిరి_కుర్రోడు:
మా వైపు నుంచి ఒక మాట. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి నెలకి 10,000 పింఛను. మంచిదే, కాదనను. బోర్లలో ఫ్లోరైడు మా తాతల కాలం నుంచి ఉంది. పళ్ళ మీద గార, వంగిపోయిన మోకాళ్ళు. వికలాంగ పింఛను 6,000 కావాలంటే సదరం క్యాంపులో (వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చే చోట) 40 శాతం తేలాలి. 35 వచ్చినాయన పొలానికి నడిచే తీరు చూస్తే ఆ ఐదు శాతం యాడ తగ్గిందో మీకే అర్థం కాదు. పింఛను ఒక శాఖ, నీళ్ళు ఇంకో శాఖ, ఆస్పత్రి మరో శాఖ. నా ప్రాజెక్టు అంతా ఈ మూడూ ఒక బల్ల చుట్టూ కూర్చోవని రాసిందే.

నెట్_కోడ్_10:
అందరూ కథలు బాగా చెప్తున్నారు గానీ సిద్ధాంతాన్ని మరీ తీసిపారేయకండి. పథకాల పేర్లు ఎన్నికలకోసారి మారతాయి. రాజ్యాంగం 41వ అధికరణ మారలేదు: నిరుద్యోగం, వృద్ధాప్యం, జబ్బు, అంగవైకల్యంలో ప్రభుత్వ సహాయం. ఆదేశిక సూత్రం కాబట్టి కోర్టుకి పోయి అమలు చేయించుకోలేం. ఆహార భద్రత అలా కాదు, 2013లో చట్టమే వచ్చింది. పింఛనుకీ బియ్యానికీ ఉన్న ఈ తేడా తెలియకపోతే ఎన్ని ఊళ్ళు తిరిగినా రిపోర్టు డైరీలా ఉంటుంది.

ఇంకోటి. వృద్ధాప్య పింఛను 4,000లో కేంద్రం వాటా ఎంతో చూశారా? 60 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకి 200, 80 దాటితే 500. అదీ కేంద్రం పథకం కిందికొచ్చే పేద కుటుంబాలకే. 1995 ఆగస్టు 15న ఎన్‌శాప్ (కేంద్రం సామాజిక సహాయ కార్యక్రమం) మొదలైనప్పుడు 75 ఉండేది. మిగతాదంతా రాష్ట్రం ఖజానాదే. దీనిమీద ఒక పేజీ రాయగలిగితే ఫెడరలిజం ప్రశ్న కూడా అయిపోయినట్టే.

టంగుటూరు_పొగాకు:
కోడ్ 10 గారు చెప్పింది ఒప్పుకుంటా. డైరీ రిపోర్టులు నేనూ దిద్దాను, నిద్రొస్తుంది.

రామాయపట్నం_రేవు:
వేట నిషేధం కూడా రాయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14, 61 రోజులు. వేటకెళ్ళే వాళ్ళకి 20,000 సాయం. గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆడవాళ్ళకీ ఆ రెండు నెలలు పని ఉండదు, వాళ్ళు లెక్కలోకి రారు. పని ఎక్కడ నమోదైందో అక్కడికే సాయం, టిట్మస్ రెండో నమూనా (చేసే పనిని బట్టే సాయం) కొంచెం అటే కదా.

పెన్నా_గట్టు:
అందరికీ దండాలు. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ అన్నని తిరస్కరించిన దరఖాస్తులు అడిగితే "నీకెందుకమ్మా అవి" అంటున్నాడు. ఏం చేసేది?

సంగం_ఆనకట్ట:
పేర్లూ ఆధార్ నంబర్లూ ఉన్న కాగితాలు ఇవ్వకూడదు, అతని తప్పు లేదు. కారణాలు మాత్రం అడుగు, పేర్లు లేకుండా. కాలేజీ నుంచి ఉత్తరం తీసుకుపో. అంతకంటే ముందు ఒకటో తారీఖు పింఛన్ల పంపిణీకి వాళ్ళతో కలిసి తిరుగు. వేలిముద్ర పడని వాళ్ళ దగ్గర ఏం చేస్తున్నారో చూడు. సంచి మోసి, జాబితాలో టిక్కులు పెట్టి సాయం చేస్తే మధ్యాహ్నానికి అతనే అన్నీ చెప్తాడు. పొద్దు పొడవకముందే బయల్దేరతారు, టిఫిన్ తినేసి పో.