నివాస వీధిలో వేగం తగ్గాలంటే బ్రేకర్లా, కెమెరానా, రోడ్డు వెడల్పా? కౌన్సిల్ ముందు ఏం పెట్టాలి?

వీధిచివర (ప్రశ్న)

రెండు పెద్ద రోడ్లను కలిపే నివాస వీధి. పొడవు 600 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు, మధ్యలో ఒక బడి. పెద్ద రోడ్డు మీది సిగ్నల్ తప్పించుకోవడానికి బండ్లన్నీ ఇటే దూరుతున్నాయి. వచ్చే కౌన్సిల్ సమావేశంలో ఇది చర్చకు వస్తోంది. సభ్యులు మూడు రకాలుగా మాట్లాడుతున్నారు. వరసగా స్పీడ్ బ్రేకర్లు వేయాలని కొందరు, కెమెరా పెట్టి జరిమానాలు వేస్తే చాలని కొందరు, రోడ్డును 12 మీటర్లకు పెంచితే ఇరుకు పోతుందని మిగతావారు అంటున్నారు. సభకు వెళ్లేముందు ఏం కొలవాలి? బ్రేకర్ ఎలా ఉండాలి, ఎంత దూరానికొకటి వేయాలి? ఫైరింజన్‌కు అడ్డం రాదా? తీర్మానంలో ఏం రాయించాలి? తెలిసినవారు వివరంగా చెప్పండి.

దారిలెక్క

ఏది వేయాలన్నది తర్వాతి మాటండీ. ముందు వేగం కొలవండి. అంకెలు లేకుండా సభకు వెళితే ఎవరి గొంతు పెద్దదైతే వారి మాటే నెగ్గుతుంది.

రోడ్డు అంచున 50 మీటర్ల దూరంలో రెండు సుద్ద గీతలు గీయండి. ముందు చక్రం మొదటి గీత మీదికి రాగానే స్టాప్‌వాచ్ నొక్కండి, రెండో గీత తాకగానే ఆపండి. 6 సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్లు, 4.5 అయితే 40, 3.6 అయితే 50. వేలు 0.2 సెకను అటూ ఇటూ అయినా 50 దగ్గర దాదాపు 3 కిలోమీటర్ల తేడా వస్తుంది, అందుకని తిన్నటి జాగా దొరికితే 100 మీటర్లు తీసుకుని కాలం రెట్టింపు చేసి చూసుకోండి. ఇంకో బండి వెనకాల ఇరుక్కుని నెమ్మదిగా వచ్చేవాటిని వదిలేయాలి. ముందు దారి ఖాళీగా ఉండి డ్రైవరు తనకు తోచిన వేగంతో వస్తున్న బండినే లెక్కలోకి తీసుకోవాలి. కొలిచే మనిషి కనిపిస్తే వేగం తగ్గిస్తారు, కాబట్టి రోడ్డు పక్కన వెనక్కి జరిగి నిలబడండి.

100 బండ్లయ్యాక వేగాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చండి. 85వ అంకె మీకు కావలసింది, అదే 85వ పర్సెంటైల్ వేగం, అంటే నూటికి 85 బండ్లు మించని వేగం. సభలో సగటు చెప్పకండి. సగటు 34 వచ్చిందంటే ‘ఇంకేం, బాగానే వెళ్తున్నారు’ అంటారు, దూసుకెళ్లేవాళ్లు ఆ సగటులో కనపడరు. అదే రోజుల్లో పక్క వీధుల్లో కూడా గంటకెన్ని బండ్లు వెళ్తున్నాయో రాసి పెట్టుకోండి. రేపు మీ వీధి బండ్లు మా వీధికి మళ్లాయని వాళ్లంటే అప్పుడు చూపించడానికి పాత లెక్క ఉండాలి.

30, 50 మధ్య తేడా ఎంతో సభ్యులకు ఇలా చెప్పండి. బ్రేకు మీద కాలు పడటానికి ఒక సెకను పడుతుందనుకుందాం, రోడ్డు పొడిగా ఉందనుకుందాం. 30లో వస్తున్న బండి పదమూడున్నర మీటర్ల లోపే పూర్తిగా ఆగుతుంది. 50లో వస్తున్న బండి ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. అంటే పదమూడున్నర మీటర్ల దూరంలో బిడ్డ రోడ్డు మీదికి దిగితే మొదటి బండి ఆ బిడ్డ ముందు ఆగుతుంది, రెండోది బ్రేకు పట్టకముందే 50తో గుద్దుతుంది.

తారుపని

బ్రేకర్ల సంగతి నేను చెబుతాను. జనం స్పీడ్ బ్రేకర్ అనే మాటతో పిలిచేవి రెండు వేర్వేరు వస్తువులు. అర మీటరు వెడల్పుతో గట్టులా లేచే చిన్న దిమ్మె ఒకటి. ఇది పార్కింగ్ లోపల పనికొస్తుంది, వీధికి పనికిరాదు. నెమ్మదిగా దాటితే నడుము విరుగుతుంది, వేగంగా దాటితే కుదుపును స్ప్రింగులు మింగేస్తాయి. వీధికి కావలసింది బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల మేర గుండ్రంగా లేచి దిగే మూపు. 1970లలో బ్రిటన్ రోడ్డు పరిశోధన సంస్థలో రూపొందిన ఆకారం ఇది. ఎత్తు 75 నుంచి 100 మిల్లీమీటర్లు. బడి దగ్గర 75 చాలు, అక్కడ పైభాగం చదునుగా ఉంచి దాన్నే కాలిబాట ఎత్తులో నడకదారిగా మార్చేయండి. పిల్లలు కిందికి దిగి దాటరు, బండ్లే పైకెక్కి దాటుతాయి.

ఒక్క బ్రేకర్ వేస్తే దాని ముందు బ్రేకు, దాటాక యాక్సిలరేటరు, అంతే. మధ్యలో వేగం అందుకోకుండా ఉండాలంటే 60 నుంచి 100 మీటర్లకొకటి ఉండాలి. మొదటిది మలుపు తిరిగిన కొద్ది దూరంలోనే, బండి ఊపందుకోకముందే రావాలి. వంపులోనూ నిటారు వాలు మీదా వేయకండి. మ్యాన్‌హోల్ మూతలు, నీళ్ల వాల్వుల మీద అసలు వద్దు, రేపు తవ్వినప్పుడు ఆకారం పోతుంది.

ఎక్కువగా చెడేది ఎత్తు దగ్గరే. 75 అని కాగితంలో రాస్తారు, మేస్త్రీ కంటి అంచనాతో తారు పోస్తే 110 అవుతుంది, కార్ల అడుగు గీరుకుంటుంది, నెల తిరక్కముందే ‘తీసేయండి’ అని అర్జీ పడుతుంది. రోలరు దాటాక ఆ చివర నుంచి ఈ చివరకు తాడు బిగించి, మధ్యలోనూ అంచులకు దగ్గరగానూ టేపుతో కొలిచి, 5 మిల్లీమీటర్లు మించి తేడా ఉంటే మళ్లీ చేయించాలని పని ఒప్పందంలోనే రాయించండి.

రెండోది నీరు. బ్రేకర్‌ను కాలువ అంచుదాకా పోస్తే వాన నీరు ఎగువన నిలుస్తుంది, నిలిచినచోట తారు కంకర విడిపోయి సరిగ్గా బ్రేకర్ ముందే గుంత పడుతుంది. అందుకని అంచున నీరు పోయే సందు వదలాలి. ఆ సందులోంచి మోటారు సైకిళ్లు దూరకుండా పక్కన ఒక స్తంభం పాతాలి. గీతలకు మామూలు రంగు వేస్తే ఎక్కే వైపు త్వరగా చెరిగిపోతుంది. గాజు పూసలు కలిపిన థర్మోప్లాస్టిక్ (వేడిచేసి కరిగించి పూసే గట్టి రంగు) వేయించండి, పైన దీపం ఉండేలా చూడండి. చీకట్లో కనపడని బ్రేకర్ ద్విచక్ర వాహనాన్ని పడేస్తుంది.

సభాపత్రం

పైవాళ్లు చెప్పినదానితో నాకు పేచీ లేదు. కెమెరా, వెడల్పు గురించి రెండు మాటలు.

కెమెరా ఒక్కచోట ఉంటే అక్కడ తగ్గి, దాటగానే మళ్లీ పెంచుతారు. రెండు చోట్ల నంబరు చదివి సగటు వేగం లెక్కగట్టేవి పెద్ద రోడ్లకు మేలు, మధ్యలో బండ్లు ఆగే ఇళ్లూ పక్క సందులూ ఉన్న మీ 600 మీటర్ల వీధికి అంతగా నప్పవు. పైగా వేగ పరిమితి అధికారికంగా ప్రకటించి, బోర్డు పాతి, యంత్రం కొలత సరిచూసిన పత్రం ఉంటే తప్ప జరిమానా నిలబడదు. జరిమానా పెంచడం కంటే దొరుకుతామన్న నమ్మకం పెంచడమే ఎక్కువ పనిచేస్తుంది. డబ్బుల కోసమే పెట్టారన్న నింద రాకుండా ఆ సొమ్ము ఎక్కడికి పోతుందో ముందే ప్రకటించాలి.

వెడల్పు మాత్రం ఈ వీధిలో పొరపాటే అవుతుంది. సిగ్నల్ తప్పించుకోవడానికి వచ్చేవాళ్లకు దారి ఇంకా సుఖమవుతుంది, ఇంకా ఎక్కువమంది వస్తారు. అమెరికా నగరాల మీద ఆర్థికవేత్తలు డ్యూరాంటన్, టర్నర్ 2011లో ప్రచురించిన పరిశోధనలో తేలింది ఇదే: పెద్ద రోడ్ల లేన్ల మొత్తం పొడవు ఎంత శాతం పెరిగితే వాటిమీద తిరిగే దూరం దాదాపు అంతే శాతం పెరిగింది. దానికి బదులు మలుపుల దగ్గర కాలిబాట అంచును ముందుకు తెచ్చి వంపు వ్యాసార్థం 9 మీటర్లున్నచోట 4కు తగ్గించండి. బండి మెల్లగా తిరగక తప్పదు, నడిచేవాళ్లు దాటాల్సిన దూరమూ తగ్గుతుంది.

తీర్మానంలో ‘తగు చర్యలు తీసుకొనుట’ అని రాస్తే ఏమీ జరగదు. ఇలా రాయించండి: ‘ప్రస్తుత 85వ పర్సెంటైల్ వేగం ఇంత. 6 నెలల్లో 30కి తేవడం లక్ష్యం. మూడో నెలలోనూ ఆరో నెలలోనూ అదేచోట, అదే పద్ధతిలో కొలవాలి. పక్క వీధిలో బండ్లు 10 శాతం మించి పెరిగితే అక్కడా చర్య తీసుకోవాలి.’ ముందు కొంతకాలం అమలు చేసి చూద్దామని కూడా అడగొచ్చు: ఇంగ్లండ్‌లో ఇలాంటి ప్రయోగాత్మక ట్రాఫిక్ ఉత్తర్వు గరిష్ఠంగా 18 నెలలు నడుస్తుంది, మొదటి 6 నెలలు అభ్యంతరాలు తీసుకుంటారు. జనం కళ్లతో చూశాక చెప్పే అభ్యంతరానికి, చూడకముందు చెప్పేదానికి చాలా తేడా ఉంటుంది.

వీధిచివర

చాలా ఉపయోగపడిందండీ. ఫైరింజన్ సంగతి మిగిలిపోయింది. సభలో మొదట లేచే అభ్యంతరం అదే.

తారుపని

న్యాయమైన అభ్యంతరమే, దాటవేయకండి. పెద్ద బండి ఒక్కో బ్రేకర్ దగ్గర కొన్ని సెకన్లు పోగొట్టుకుంటుంది, వరసగా ఆరు ఉంటే అది అర నిమిషం దాటొచ్చు. ఫైరింజన్లు మామూలుగా వెళ్లే దారి ఇదే అయితే రోడ్డు పూర్తి వెడల్పున్న మూపు బదులు, రోడ్డుకు అడ్డంగా 1.6 నుంచి 1.7 మీటర్ల వెడల్పే ఉండే దిండ్లు (మధ్యమధ్య ఖాళీలున్న చిన్న మూపులు) పక్కపక్కనే వేయించండి. ఫైరింజన్, బస్సు చక్రాలు దిండుకు ఇరువైపులా పడి సాఫీగా పోతాయి, కారు మాత్రం ఒక చక్రమైనా ఎక్కించాల్సిందే. మోటారు సైకిళ్లను ఇవి ఆపవు, వాటి వేగమే మీ బాధ అయితే బడి దగ్గర ఎత్తు నడకదారి తప్పనిసరి. స్థలాలు ఖరారు చేసేముందు అగ్నిమాపక కేంద్రం వాళ్లకు పటం చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి, ఆ కాగితం తీర్మానానికి జతచేయండి. దిండ్ల పక్కన బండ్లు నిలపకుండా ముందూ వెనకా 10 మీటర్లు నో పార్కింగ్ గీత ఉండాలి. అది లేకపోతే ఫైరింజన్ దిండు మధ్యకు రాలేదు, ఒకవైపు చక్రాలు ఎక్కి పక్కకు ఒరుగుతుంది.