ఇల్లు తాళం వేసి వెళ్ళేముందు వస్తువులపై గుర్తులు: ఏ వస్తువుకు ఏ పద్ధతి?

గోదావరి గట్టు (ప్రశ్న):
మా అమ్మానాన్నలు వచ్చే నెల నుంచి ఆరు నెలలపాటు అమెరికాలో మా అన్నయ్య దగ్గర ఉండబోతున్నారు. నగలు బ్యాంకు లాకరులో పెడుతున్నాము గాని, వెండి పూజాసామగ్రి, పాత ఇత్తడి గంగాళాలు, టీవీ, నాన్నగారి కెమెరా రాజమహేంద్రవరంలోని ఇంట్లోనే ఉంటాయి. ఒకవేళ చోరీ జరిగి సొత్తు పోలీసులకు దొరికితే, అది మాదేనని నిరూపించుకోవడానికి ముందుగా ఎలాంటి గుర్తులు వేయించాలో, వాటిని చూసి దొంగ వెనుకాడే అవకాశం ఉంటుందో లేదో తెలిసినవారు చెప్పగలరు.

ప్లీడరు గారు:
గుర్తు చూసి దొంగ వెనుదిరుగుతాడని పెద్దగా ఆశించకండి. చీకట్లో గంగాళం తిరగేసి అడుగు చూసేవాడు ఉండడు. అయితే పైకి కనిపించే పేరున్న వస్తువును అమ్మడం అతనికి కష్టమవుతుంది. అసలు ప్రయోజనం సొత్తు దొరికిన తరువాత తెలుస్తుంది. ఒకే ముఠా దగ్గర పది ఇళ్ళ వెండి పట్టుబడినప్పుడు, అలాంటివే మరికొన్ని వస్తువుల మధ్య ఉంచి మీది ఏదో చూపమంటే, 'మా కుందులు ఇలాగే ఉంటాయి' అన్న మాట నిలవదు. ఫిర్యాదులోనే గుర్తు, బరువు, ఫొటో ఉంటే వాదనకు తావుండదు. పట్టుబడిన నగలు, విలువైన వస్తువులను కేసు ముగిసేదాకా స్టేషనులో మగ్గనివ్వకుండా, పంచనామా రాయించి, ఫొటోలు తీయించి, పూచీకత్తుపై సొంతదారుకు త్వరగా అప్పగించాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాని ఆ సొంతదారు మీరేనని ముందు తేలాలి గదా.

పాత్రల కొట్టు:
పెళ్ళి సారె బిందెల మీద పేర్లు వేయించడం మనకు కొత్త కాదు. స్టీలు సామాను కొన్నచోటే కరెంటు పెన్నుతో పేరు చెక్కి ఇస్తారు. చిక్కేమిటంటే, 'లక్ష్మి' అని ఒక్క మాటే ఉంటే అది ఊళ్ళో ఎందరి బిందె అయినా కావచ్చు. ఇంటిపేరు, ఊరు, సంవత్సరం కలిపి వేయించండి. ఒక గుర్తు అంచు మీద కనబడేలా, రెండోది అడుగున ఉంటే మంచిది, ఎందుకంటే పైదాన్ని రుద్ది చెరిపినా రెండోది మిగలవచ్చు. పలుచని వెండి పళ్ళేలను మాత్రం కంసాలికే అప్పగించండి. పాత పంచలోహ విగ్రహాలపై ఏమీ చెక్కించకండి, వాటి విలువ పోతుంది. సొట్టలు, అతుకులు తెలిసేలా దగ్గరగా ఫొటోలు తీయండి.

లెస్టర్ తెలుగు:
ఇక్కడ బ్రిటన్‌లో అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే సిరాతో పోస్ట్‌కోడ్, ఇంటి నంబరు రాసుకోమని పోలీసులే చెబుతారు. ఇక్కడి పోస్ట్‌కోడ్ కొద్ది ఇళ్ళకే పరిమితం కనుక అది సరిపోతుంది. మన పిన్‌కోడ్ కింద వేల ఇళ్ళుంటాయి. దాన్ని రాసి లాభం లేదు. పైగా ఆ సిరా ఎండకు వెలిసిపోతుంది.

గోదావరి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. పిన్‌కోడ్‌కు బదులు నాన్నగారి ఆధార్ సంఖ్య చెక్కిస్తే ఎలా ఉంటుంది? నగలపై ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే హాల్‌మార్క్ గుర్తింపు) కోడ్ ఇందుకు పనికివస్తుందా?

ప్లీడరు గారు:
ఆధార్ వద్దే వద్దు; వస్తువుతోపాటు ఆ సంఖ్య కూడా దొంగ చేతికి చిక్కుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్క్ నగలపై తప్పనిసరి అయిన ఆ ఆరు స్థానాల కోడ్‌ను భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగల వ్యాపారి ఎవరో, స్వచ్ఛత ఎంతో తెలుస్తుంది గాని కొన్నవారి పేరు రాదు. బిల్లుపై ఆ కోడ్ రాయించుకుంటేనే అది మీకు సాక్ష్యమవుతుంది. కరిగించాక అదీ ఉండదు, కాబట్టి లాకరు నిర్ణయం సరైనదే. టీవీ, కెమెరాలకు కంపెనీ వేసిన సీరియల్ నంబరు ఉండనే ఉంటుంది. దాన్ని బిల్లుతో సరిచూసి ఫొటో తీయండి చాలు. ఈ జాబితా, ఫొటోలు మాత్రం తాళం వేసిన ఇంట్లోని బీరువాలో ఉంచకుండా మీ అన్నయ్యకు మెయిల్ చేయండి.