ఈదురుగాలుల ఎల్లో అలర్ట్, పక్కనే ఎండిన అడవి: తోట చుట్టూ ఏం చేయాలి?

మామిడి_గెట్టు:
హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు 2 ఎకరాల మామిడి తోట. పడమటి గెట్టు దాటితే రిజర్వ్ ఫారెస్టే. కంచె వెంబడి నడుమెత్తు ఎండుగడ్డి ఉంది. హైదరాబాద్ వాతావరణ కేంద్రం బులెటిన్‌లో నాలుగు రోజులు జిల్లాకు ఎల్లో చూపిస్తోంది. ఒకటి రెండు చోట్ల ఉరుములతో వాన, 40-50 కి.మీ. ఈదురుగాలులు అని ఉంది. వాన అంటున్నారు కాబట్టి అగ్గి భయం తగ్గినట్టేనా? గాలి రాకముందే గడ్డిని మనమే కాల్చేస్తే పోతుందని పక్క పొలం వాళ్లు అంటున్నారు. తోట మీదుగా 11 కేవీ లైను కూడా ఉంది.

గాలివాటం:
వాన మాట చూసి ధీమాగా ఉండకండి. "ఒకటి రెండు చోట్ల" అన్నది వాతావరణ శాఖ ఊరికే వాడే మాట కాదు. వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి పడదని దాని అర్థం. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం, "చాలా చోట్ల" అంటే 51 నుంచి 75. ఈ లెక్కన మీ తోటలో చినుకు పడకపోవడానికే అవకాశం ఎక్కువ. గాలి మాత్రం వాన పడని ఊళ్లకూ వస్తుంది.

మార్చి, ఏప్రిల్‌లో విదర్భ, మరాఠ్వాడాల నుంచి కర్ణాటక మీదుగా తమిళనాడు వైపు ద్రోణి పడుతుంటుంది. బంగాళాఖాతం తేమ ఇటు వస్తుంది, ఎండకు కాగిన నేల మీద మబ్బు నిలువునా లేస్తుంది. అందులోంచి రాలే చినుకులు కింది పొడిగాలిలో ఆవిరైపోతాయి. దాంతో ఆ గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా కిందికి దిగి నేల మీద నాలుగు దిక్కులా పరుచుకుంటుంది. మన గాలి దుమారం అదే. నెత్తి మీదికి మబ్బు రాకముందే, ఒక్కోసారి పది కిలోమీటర్ల ముందే తాకుతుంది.

అగ్గికి దీనితో వచ్చే చిక్కు వేగం కన్నా దిక్కుతోనే ఎక్కువ. తూర్పుకు పోతున్న మంటకు ముందు భాగం ఇరవై మీటర్లే ఉండొచ్చు. రెండు పక్కలా మాత్రం రెండు వందల మీటర్ల పొడవున మెల్లగా కాలుతుంటుంది. గాలి ఉత్తరం నుంచి తిరిగి కొట్టిందంటే దక్షిణం పక్క మొత్తం ముందు వరుస అయిపోతుంది. మంట పక్కన నిలబడి ఆర్పేవాళ్లు దొరికిపోయేది అప్పుడే. పైగా గాలి 30 నుంచి 50కి పెరిగితే అది తోసే బలం దాదాపు మూడింతలవుతుంది, రెండింతలు కాదు.

ఏం చూడాలంటే, ఉష్ణోగ్రత కాదు. వేడి 30 డిగ్రీలు దాటడం, తేమ 30 శాతం లోపుకు దిగడం, గాలి గంటకు 30 కి.మీ. దాటడం అని బయటి దేశాల్లో ఒక గుర్తు వాడతారు. మనకు మార్చిలో మొదటిది రోజూ ఉండేదే, దాన్ని వదిలేయండి. మిగతా రెండూ చూడండి. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ వాళ్ల ఆటోమేటిక్ స్టేషన్ల రీడింగులు మండలాలవారీగా దొరుకుతాయి. మధ్యాహ్నం రెండు దాటాక వాతావరణ కేంద్రం ఇచ్చే నౌకాస్ట్, అంటే రాబోయే మూడు గంటల అంచనా, చూస్తూ ఉండండి. జిల్లా రంగు కన్నా అది పనికొస్తుంది.

నిన్న వాన పడినా సరే, సన్నటి గడ్డి రెండు గంటల ఎండకు మళ్లీ పెళపెళలాడుతుంది. గుప్పెడు తెంచి నలపండి. పొడైతే నిప్పుకు సిద్ధంగా ఉన్నట్టే.

ఫైర్‌లైన్:
కాల్చడం మాత్రం వద్దు. అటవీ శాఖ ఫైర్ లైన్లు (మంట దాటకుండా ఖాళీ చేసే పట్టీలు) కాల్చేది ఎండలు ముదరకముందు, పొద్దున మంచు తడి ఉండగా, పక్కన మనుషుల్ని పెట్టుకుని. అలర్ట్ ఉన్న వారంలో ఎవరూ ముట్టించరు. మీ నిప్పు రిజర్వులోకి పోతే 1967 అటవీ చట్టం కింద కేసు మీ మీదే.

గెట్టు వెంట పడమటి పక్క 5 మీటర్ల వెడల్పు, మిగతా మూడు పక్కలా 3 మీటర్ల వెడల్పు పట్టీని ఎర్రమట్టి తేలేదాకా శుభ్రం చేయండి. వరుస తప్పొద్దు: ముందు కోత, తర్వాత కోసిన గడ్డి ఎత్తివేత, ఆ తర్వాతే రోటావేటర్ రెండు సాళ్లు. కోయకుండా రోటావేటర్ దింపితే గడ్డి బ్లేడ్లకు చుట్టుకుని సగం మట్టి మీదే తేలుతుంది. అలాంటి పట్టీ మంటకు వత్తిలా పనిచేస్తుంది. కోసిన గడ్డిని కంచె లోపలి వైపు కుప్ప పోయడం ఇంకో తప్పు, ట్రాలీలో దూరంగా తోలించండి. బ్రష్ కట్టర్‌కు ఇనుప బ్లేడు వద్దు, రాళ్ల నేలలో తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. నైలాన్ దారం వేసి పొద్దున తొమ్మిదిలోపు పని ముగించండి.

అటువైపు టేకు ఉంటే పని ఇంకా ఉంది. ఆ ఆకులు విస్తరంత ఉంటాయి, ఒక్క గాలికి పట్టీ అంతా కప్పేస్తాయి. ప్రతి దుమారం తర్వాత ఊడ్చాలి. గెట్టు మీద తాటిచెట్లుంటే వేలాడే ఎండు మట్టలు కొట్టించండి. మట్ట అంటుకుంటే నిప్పులు గాలిలో ఎగిరి ఎంత వెడల్పు పట్టీనైనా దాటుతాయి.

కడీల_కంచె:
కరెంటు సంగతి. వైర్లు వదులుగా వేలాడుతుంటే గాలికి ఒకదానికొకటి తగిలి కింద గడ్డి మీద నిప్పులు రాలతాయి. వైరు కిందా, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ 3 మీటర్లు గీకించండి. 1912కి ఫోన్ చేసి లైన్ బిగించమని ఫిర్యాదు నంబరు తీసుకోండి. కొమ్మలు తగులుతుంటే మీరు కొట్టొద్దు, లైన్‌మన్ సప్లై ఆపాకే.

మామిడి_గెట్టు:
థాంక్సండీ, రేపు పొద్దున్నే కోత మొదలు. నీళ్లు ఎన్ని ఉంచాలి? బోరు మోటరు ఉంది. అడవిలో మంట లేస్తే శాటిలైట్ మెసేజ్ వస్తుందట కదా?

ఫైర్‌లైన్:
మోటరును నమ్ముకోకండి, గాలి లేవగానే ముందు పోయేది కరెంటే. వెయ్యి లీటర్ల ట్యాంకు ట్రాలీ మీద నింపి ఉంచండి, 16 లీటర్ల స్ప్రేయర్లు రెండు. తెరిచి కొడితే ఒక్కోటి ఏడెనిమిది నిమిషాల్లో ఖాళీ అవుతుంది కాబట్టి మంట నాలుక మీద కాదు, గడ్డి మొదట్లో కొట్టాలి. వేప, కానుగ పచ్చి మండలతో అణచొచ్చు. మండ పైకెత్తి బాదితే నిప్పులు వెనక్కి ఎగురుతాయి, నేలకు అదిమి మంట వైపు ఊడ్చండి. నిలబడాల్సింది కాలిపోయిన నల్ల నేల మీద. నూలు బట్టలే వేసుకోండి, పాలిస్టర్ ఒంటికి అతుక్కుంటుంది. మంట నడుమెత్తు దాటితే ఎదురు నిలవకండి, 101కి ఫోన్ చేసి పక్కకు తప్పుకోండి.

గాలివాటం:
ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే మెసేజ్‌లు వస్తాయి. కానీ మంటల వేడిని పసిగట్టే వీర్స్ (VIIRS) సెన్సర్ ఉన్న శాటిలైట్లు మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో. మూడింటికి లేచి ఐదింటికి ఆరిన గడ్డి మంట వాటి లెక్కలోకే రాదు. పైగా మంట ఉందని మ్యాప్‌లో చూపే చుక్క 375 మీటర్ల గడి, నిప్పు అందులో ఏ మూలనైనా ఉండొచ్చు. సాయంత్రాలు పడమటి వైపు మనిషి కన్నే దిక్కు.

ఫైర్‌లైన్:
ఒకటి మరిచాను. ఆరిపోయిందనుకున్న మొద్దులు, పాత తాటి మొదళ్లు లోపల రాజుకుంటూనే ఉంటాయి, మర్నాటి గాలికి మళ్లీ లేస్తాయి. అరచేయి కాకుండా చేతి వెనక వైపు దగ్గరగా పెట్టి సెగ చూడండి. వెచ్చగా తగిలితే గునపంతో తవ్వి, నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయండి.