కర్నూలు ఎండలో కంప్యూటర్‌కు వాటర్ కూలింగ్: మొదటిసారి పెట్టేవారికి తగునా, తగదా?

కొండారెడ్డి బురుజు దగ్గర

పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా జీవనాధారం. ఇల్లు కర్నూలులో, పై అంతస్తు. మిద్దె మీద రోజంతా ఎండ. బయట 43 డిగ్రీలున్న రోజు మధ్యాహ్నం రెండింటికి నా గది గోడకున్న థర్మామీటరు 38 చూపించింది. కంప్యూటర్‌లో రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. ప్రాసెసర్ మీద రెండు ఫ్యాన్ల టవర్ కూలర్. నాలుగు కెమెరాల పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి ఫైలుగా తీయడం) పెట్టానంటే ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గర, కార్డు 83 దగ్గర నిలబడిపోతాయి. ఫ్యాన్ల రొదకు పక్క గదిలో నాన్నగారికి నిద్ర పట్టదు.

అందుకే వాటర్ కూలింగ్ పెట్టాలనుకుంటున్నాను. ఇంతవరకు ఎప్పుడూ పెట్టలేదు. 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఒకటి, పంపు, ప్రాసెసర్‌కూ కార్డుకూ చెరొక బ్లాకు (నీళ్లు పారేలా చిప్పు మీద బిగించే రాగి ముక్క), గట్టి గొట్టాలు అనుకుంటే 55 వేలకు తేలుతోంది. రెండు సీజన్లు కూడబెట్టిన డబ్బు అది. మన ఎండలకు ఇది పనికొస్తుందా? పెట్టమన్నా వద్దన్నా కారణంతో చెప్పండి.

క్లాక్ టవర్ నీడ (అనంతపురం)

వద్దంటాను. నేను డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి కారణం అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన ఇళ్లలో నీళ్లంటే చల్లదనం. వేసవి రాగానే కుండ కొంటాం, బయట 42 ఉన్నా అందులో నీళ్లు గొంతుకు హాయిగా ఉంటాయి. ఆ అనుభవంతోనే కంప్యూటర్‌లో నీళ్లు పోస్తే అదీ చల్లబడుతుందని మనసు నమ్మేస్తుంది. కానీ కుండ చల్లబడేది గోడల్లోంచి ఊరిన నీళ్లు ఆవిరవడం వల్ల. ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది. కంప్యూటర్‌లో నీళ్లు మూసిన గొట్టాల్లో తిరుగుతాయి, ఆవిరి అయ్యే దారే లేదు. చిప్పు దగ్గర వేడిని ఎత్తుకుని రేడియేటర్ దగ్గర గది గాలికి దించడం తప్ప ఆ నీళ్లు చేసేదేమీ లేదు. గది గాలి 38 అయితే ఆ నీళ్లు 38 కన్నా కిందికి రానే రావు.

మీ ప్రాసెసర్ నిండు పనిలో 230 వాట్ల దాకా తీసుకుంటుంది. కార్డు 320. మొత్తం 550. చలికాలంలో ఊటీలో పెట్టుకునే చిన్న గది హీటరు వెయ్యి వాట్లు. అందులో సగానికి పైగా వేడిని మీరు ఎర్రటి ఎండలో మూసిన గదిలోకి వదులుతున్నారు. టవర్ కూలర్ పెట్టినా, వాటర్ కూలింగ్ పెట్టినా గదిలోకి వచ్చే వేడి అంతే. ఆ 55 వేలూ గది మీద పెట్టండి.

ఏడు రోడ్ల కూడలి (కడప)

సార్ లెక్కతో నాకు పేచీ లేదు, తీర్పుతోనే ఉంది. నాలుగేళ్లుగా నా కంప్యూటర్‌కు వాటర్ కూలింగ్ నడుస్తోంది. నేను కథలు చదివి రికార్డు చేస్తాను. కడప మే నెల ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కరలేదు.

సార్ గది గురించి చెప్పారు, బురుజు దగ్గరి తమ్ముడు అడిగింది చిప్పు గురించి, రొద గురించి. చిప్పుకూ గదికీ మధ్య ఉన్న తేడాను తగ్గించవచ్చు. కార్డు లోపలి చిప్పు వైశాల్యం 628 చదరపు మిల్లీమీటర్లు, దాని మీద మూత కూడా ఉండదు. బ్లాకు నేరుగా దాని మీద కూర్చుంటుంది కాబట్టి వేడి సులువుగా నీళ్లలోకి దిగుతుంది. నాదీ 3080 కార్డే. పాత ఫ్యాన్లతో 80 దాటేది, ఇప్పుడు మే నెలలో కూడా 60 లోపే ఉంటుంది. గది చల్లబడలేదు, నిజమే. కానీ కార్డు వేగం తగ్గించుకోవడం లేదు, ఫ్యాన్లు నిమిషానికి 800 చుట్ల మీద తిరుగుతున్నాయి, మైకు ముందు కూర్చుంటే నా ఊపిరి తప్ప ఏమీ వినపడదు. నాన్నగారి నిద్ర కోసం అడిగిన వ్యక్తికి ఇది చిన్న లాభమా?

ప్రాసెసర్ విషయంలో మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. 7950ఎక్స్‌లో పని చేసే చిప్పు బిళ్లలు రెండూ బాగా చిన్నవి, పైన మందపాటి మూత. వేడి ఆ మూత దాటి రావడమే కష్టం, పైన నీళ్లున్నా గాలి ఉన్నా. పైగా 95 వచ్చేదాకా వేగం పెంచుకుంటూ పోవడం దాని తయారీలోనే ఉంది. వాటర్ కూలింగ్ పెట్టినా నిండు పనిలో 95 కనిపించవచ్చు. అప్పుడు డబ్బంతా నీళ్లలో పోసినట్టయిందని బాధపడవద్దు.

క్లాక్ టవర్ నీడ (అనంతపురం)

కార్డు విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ ఆయన ఒక్క 360 రేడియేటర్ అన్నారు, అది చాలదు.

మోస్తరు వేగంతో తిరిగే ఫ్యాన్లతో 120 మిల్లీమీటర్ల రేడియేటర్ ముక్క ఒకటి, నీళ్లు గాలికన్నా 10 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు, రమారమి 100 వాట్లు వదిలించగలదు. 360 అంటే అలాంటివి మూడు, అంటే 300 వాట్లు. 550 వాట్లు వదలాలంటే నీళ్లు గాలికన్నా 18 డిగ్రీలు పైకి పోవాలి. గది 38 అయితే నీళ్లు 56. చాలా పంపులకు, గొట్టాలకు 60 డిగ్రీలే హద్దుగా చెబుతారు. పీఈటీజీ అనే ప్లాస్టిక్‌తో చేసిన గట్టి గొట్టం ఆ వేడికి మెత్తబడి, బిగింపు దగ్గర జారే ప్రమాదం ఉంది. చల్లటి దేశాల్లో 22 డిగ్రీల గదిలో కూర్చుని చెప్పిన సలహా అక్కడ నీళ్లను 40 దగ్గర ఆపుతుంది. అదే సలహా ఇక్కడ మనల్ని హద్దు అంచుకు తెచ్చి నిలబెడుతుంది. వీడియోలు చూసి రేడియేటర్ ఎంచుకునేవారు ఈ 16 డిగ్రీల తేడా మరిచిపోతున్నారు, నా బాధంతా అదే.

తుంగభద్ర గట్టు

నాదొక ఆలోచన. రేడియేటర్ల మీద డబ్బు పోయకుండా ట్యాంకే పెద్దది పెడితే? మంచినీళ్ల 20 లీటర్ల క్యాను ఒకటి బల్ల కింద పెట్టి నీళ్లు దానిలోంచే తిప్పవచ్చు. లేదా సార్ చెప్పిన కుండనే వాడుకోవచ్చు, ఆవిరి కూడా అవుతుంది కదా.

క్లాక్ టవర్ నీడ (అనంతపురం)

మంచి ప్రశ్న, లెక్క వేసి చూద్దాం. లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4,180 జౌళ్లు కావాలి. 20 లీటర్ల క్యానును 550 వాట్లతో 10 డిగ్రీలు పెంచడానికి 25 నిమిషాలు. ఆ తర్వాత? ఎక్స్‌పోర్ట్ రెండు గంటలు నడుస్తుంది. పెద్ద ట్యాంకు వేడిని కాసేపు ఆలస్యం చేస్తుందే తప్ప వదిలించదు.

ఇక కుండ. 550 వాట్లను ఆవిరితోనే వదిలించాలంటే గంటకు ముప్పావు లీటరుకు పైగా ఆవిరవ్వాలి. ఇంట్లో కుండ రోజు మొత్తానికి ఎంత తరుగుతుందో మీకు తెలుసు. పైగా తెరిచిన నీళ్లలోకి దుమ్ము చేరుతుంది, ఆవిరైన కొద్దీ ఉప్పు చిక్కబడుతుంది.

ఆవిరిని నిజంగా వాడుకోవాలంటే దానికి మన ఊళ్లలో అందరి దగ్గరా ఉన్న యంత్రం గది కూలర్. కిటికీలో కూలర్ పెట్టి, ఎదుటి గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, కంప్యూటర్‌ను ఆ గాలి దారిలో ఉంచండి. మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా పనిచేస్తుంది. గది నాలుగు డిగ్రీలు తగ్గితే చిప్పూ దాదాపు అంతే తగ్గుతుంది.

కొండారెడ్డి బురుజు దగ్గర

కూలర్ తేమకు కంప్యూటర్ లోపల నీటి చుక్కలు పట్టవా? అందుకే ఇన్నాళ్లు కూలర్‌ను హాల్లోనే ఉంచాను.

క్లాక్ టవర్ నీడ (అనంతపురం)

పట్టవు. చల్లటి చెంబు మీద చెమ్మ పట్టేది చెంబు గాలికన్నా చల్లగా ఉంటుంది కాబట్టి. కంప్యూటర్ నడుస్తున్నప్పుడు లోపలి భాగాలన్నీ గాలికన్నా వేడిగానే ఉంటాయి. కూలర్ ప్యాడ్ల నుంచి తుంపర్లు నేరుగా పడకుండా ఐదారు అడుగులు ఎడం ఉంచండి, చాలు.

మరమ్మతు బల్ల (కడప)

పన్నెండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. మీరంతా వేడి గురించి మాట్లాడుతున్నారు, నేను నీళ్ల గురించి చెబుతాను.

పోయిన ఏడాది ఒక కుర్రవాడు కంప్యూటర్ తెచ్చాడు. వాటర్ కూలింగ్ సొంతంగా పెట్టుకున్నాడు, ఎనిమిది నెలలకే ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోతోంది. బ్లాకు విప్పాను. రాగి మీద వెంట్రుకంత సన్నటి గాడులుంటాయి, వాటిలోంచే నీళ్లు పారాలి. ఆ గాడులు కనపడలేదు. కుళాయి మూతికి పట్టే తెల్లటి సున్నపు పొర వాటిని పూడ్చేసింది, అంచుల్లో ఆకుపచ్చ చిలుము. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. ఏ నీళ్లు పోశావు బాబూ అంటే, ఇంట్లో ఫిల్టరు నీళ్లే అన్నాడు. ఆ ఫిల్టరు పాతది, బోరు నీళ్లను సగమే శుద్ధి చేస్తోంది. మన జిల్లాల బోరు నీళ్లు ఎంత గట్టివో టీ కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది.

ఫిల్టరు నీళ్లు వేరు, డిస్టిల్డ్ వాటర్ వేరు. డిస్టిల్డ్ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి. అది కూడా ఒట్టిది సరిపోదు, తుప్పును, నాచును అడ్డుకునే మందు కలపాలి. లేదా కలిపి అమ్మే కూలెంటే పోయాలి. పాల రంగులో మెరిసే కూలెంట్లు చూడటానికి బాగుంటాయి, కానీ వాటిలో కలిపిన పొడి అడుగున పేరుకుంటుంది. మొదటిసారికి రంగులేనిదే మంచిది.

ఇంకొకటి. పాత కారు రేడియేటర్ బిగించవచ్చా అని చాలామంది అడుగుతారు. ఇప్పటి కార్లలో అవి ఎక్కువగా అల్యూమినియం. బ్లాకు రాగి. ఒకే నీళ్లలో ఆ రెండూ ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. రేడియేటరూ బ్లాకూ రెండూ రాగి లేదా ఇత్తడివే చూసుకోండి, మీద నికెల్ పూత ఉన్నా పరవాలేదు.

అసలు బురుజు దగ్గరి తమ్ముడికి నేను ముందు చెప్పేది వేరు. ఆ కార్డు కొని ఎన్నేళ్లయింది? 3080లో మెమరీ చిప్పులు చాలా వేడెక్కుతాయి, 110 దాకా పోతాయి. ఆ వేడిని కూలర్‌కు చేర్చడానికి వాటి మీద మెత్తటి థర్మల్ ప్యాడ్లు ఉంటాయి. మన వేడికి అవి ఎండి, నూనె కారి, అట్టలా అయిపోతాయి. ప్యాడ్లు, చిప్పు మీది పేస్టు మార్చి, ఫ్యాన్లలో దుమ్ము దులిపితే అయ్యే ఖర్చు మీ 55 వేల ముందు లెక్కలోది కాదు. ప్యాడ్ మందం మాత్రం మీ కార్డుకు ఎంతో అంతే ఉండాలి. అర మిల్లీమీటరు ఎక్కువైనా చిప్పుకూ కూలర్‌కూ మధ్య సందు మిగులుతుంది.

ఏడు రోడ్ల కూడలి (కడప)

అన్న చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ప్యాడ్లు మార్చకుండానే వాటర్ కూలింగ్‌కు దూకాను, ముందు మార్చి చూసి ఉండాల్సింది. అయినా రొద సంగతి ప్యాడ్లతో పూర్తిగా తీరదు, ఆ మాట మీద నేను నిలబడతాను.

పెట్టదలిస్తే మొదటిసారి గట్టి గొట్టాలు వద్దు. వాటిని వేడిచేసి వంచాలి, కొలత తప్పితే పారేయాలి. రబ్బరులాంటి నల్లటి మెత్తటి గొట్టం తీసుకోండి, కత్తెరతో కత్తిరించి తొడిగేయవచ్చు, వేడికీ తట్టుకుంటుంది. కార్డు బ్లాకు ఆ కార్డు నమూనాకే సరిపోతుంది, కార్డు మారిస్తే అది పనికిరాదు. ఏడాదిలో కొత్త కార్డు కొనే ఆలోచన ఉంటే ఇప్పుడు బ్లాకు మీద డబ్బు పెట్టకండి.

నీళ్లు ముందు ప్రాసెసర్‌కు పోవాలా, కార్డుకు పోవాలా అని తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. నీళ్లు చకచకా తిరుగుతుంటే గొట్టాల పొడవునా తేడా ఒకటి రెండు డిగ్రీలే. గొట్టం ఎటు తక్కువ వంపు తిరిగితే అటు వేయండి. అట్టడుగున ఒక వాల్వు మాత్రం తప్పక పెట్టండి, ఏడాదికోసారి నీళ్లు మార్చేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

కొండారెడ్డి బురుజు దగ్గర

రెండు వారాలు ఎక్కడికీ వెళ్లకుండా మీరందరూ చెప్పినవి ఒక్కొక్కటే చేశాను.

మొదట ప్రాసెసర్‌ను బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) 105 వాట్ల ఎకో మోడ్‌లో, అంటే కరెంటు తక్కువ వాడే పద్ధతిలో పెట్టాను. పేరులో 105 అని ఉన్నా అసలు హద్దు 142, ప్రాసెసర్ ఇప్పుడు అంతకు మించి తీసుకోదు. రెండు గంటల ఎక్స్‌పోర్ట్‌కు ఐదు నిమిషాలు ఎక్కువ పట్టింది, అంతే. 95 మళ్లీ చూడలేదు, 78 దగ్గర ఆగింది. కార్డును 250 వాట్లకు కట్టేశాను. ప్యాడ్లు మార్పించాను, మరమ్మతు బల్ల అన్న చెప్పినట్టే పాతవి అట్టముక్కల్లా ఊడివచ్చాయి. కూలర్‌ను హాల్లోంచి కిటికీకి తెచ్చాను, గది 38 నుంచి 33కు దిగింది. కార్డు 72.

నాన్నగారిని అడిగాను. పగలు పరవాలేదురా, రాత్రి నువ్వు ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటావు చూడు, అప్పుడు ఇంకా వినపడుతోంది అన్నారు. రాత్రి కూలర్ ఆపేస్తాం, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది, ఈ ఫ్యాన్లే మిగులుతాయి. కాబట్టి సార్ చెప్పినదీ గెలిచింది, కూడలి అన్న చెప్పినదీ మిగిలింది. కార్డు ఒక్కదానికే వాటర్ కూలింగ్ పెడతాను. ప్రాసెసర్‌కు టవర్ కూలరే ఉంటుంది. 250 వాట్లకు ఒక్క 360 రేడియేటర్ సరిపోతుంది కదా సార్? కంప్యూటర్ డబ్బా (కేసు) లోపల పై భాగాన బిగిద్దామనుకుంటున్నాను. మదర్‌బోర్డు పై అంచుకూ కేసు కప్పుకూ మధ్య 52 మిల్లీమీటర్లు ఉంది.

క్లాక్ టవర్ నీడ (అనంతపురం)

సరిపోతుంది. నీళ్లు గాలికన్నా ఎనిమిది తొమ్మిది డిగ్రీలు పైన ఉంటాయి, మీ గదిలో 42 అనుకోండి. దీనికి నా అభ్యంతరం లేదు.

ఏడు రోడ్ల కూడలి (కడప)

52 చాలదు తమ్ముడూ. సన్నటి రేడియేటర్ 27 మిల్లీమీటర్లు, ఫ్యాను 25, కలిపితేనే 52. స్క్రూ తలకు, వైర్లకు చోటుండదు. పైన వద్దు, ముందు వైపు పెట్టండి. కార్డు చివరి నుంచి ముందు ఫ్యాన్ల దాకా ఎంత చోటుందో కొలిచి రాయండి. గొట్టాలు కొనే ముందే ఆ కొలత కావాలి.

బిగించాక పంపుకు మాత్రమే కరెంటు ఇచ్చి, మిగతా తీగలన్నీ ఊడదీసి, ప్రతి అతుకు కింద టిష్యూ కాగితం పరిచి ఒక రాత్రంతా తిప్పండి. పొద్దున కాగితాలన్నీ పొడిగా ఉంటేనే మిగతా తీగలు తగిలించండి. ఆ రాత్రి నాన్నగారి గది తలుపు తెరిచే ఉంచండి, పంపు చప్పుడు వినపడుతుందో లేదో ఆయన్నే చెప్పమనండి.